ఒకే కాటాలో మనుషులూ మూటలూ

ఐర్లండ్ పశ్చిమ తీరాన గాల్వే నగరం దాటి, సముద్రం వెంట ఇంచుమించు ముప్పై కిలోమీటర్లు వెళ్తే ఇన్వెరిన్ అనే ఊరు వస్తుంది. అక్కడి కానమారా విమానాశ్రయంలో ప్రయాణికుడు విమానం ఎక్కే ముందు కాటా ఎక్కాలి. చేతిసంచిని తూచినట్టే మనిషినీ తూస్తారు. ఆ అంకెను బట్టి ఎవరు ఏ వరసలో కూర్చోవాలో సిబ్బంది చెబుతారు. కిటికీ పక్క సీటు కావాలని ముందే అడిగి పెట్టుకునే పద్ధతి ఇక్కడ లేదు. విమానంలో పట్టేది తొమ్మిది మంది, పదో మనిషి పైలట్. తొమ్మిది మందీ ఉన్న రోజున వాళ్లలో ఒకరు పైలట్ పక్క సీట్లోనే కూర్చుంటారు. లోపల నడవడానికి దారి ఉండదు. కారెక్కినట్టు పక్క తలుపు తీసుకుని నేరుగా తమ వరసలోకి ఎక్కాలి. వెనక భాగంలో టపా సంచులు, దినపత్రికల కట్టలు, మందుల పెట్టెలు, ఎవరింట్లోనో ఆగిపోయిన యంత్రానికి కావలసిన విడిభాగం సర్దుతారు. ముందు వరసల్లో గాల్వే ఆస్పత్రిలో చూపించుకుని ఇంటికెళ్తున్న పెద్దావిడ, బడి పంతులు, కరెంటు పనివాడు, రాతికోట చూడటానికి వచ్చిన పర్యాటకులు ఉంటారు. పది నిమిషాల్లోపే వీళ్లంతా ఆరన్ దీవుల్లో ఒకదాని మీద దిగిపోతారు.

చిన్న దీవులకు వెళ్లే విమానాల గురించి రాసేవాళ్లు ఈ కలగాపులగాన్ని ఒక వింతగా, ముచ్చటగా వర్ణించి వదిలేస్తుంటారు. పక్క సీట్లో రొట్టెల బుట్ట ఉందనీ, వెనక కుక్కపిల్ల మూలిగిందనీ చెప్పి ముగిస్తారు. అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది. మనుషుల్నీ సరుకుల్నీ ఒకే కాటాలో తూచి ఒకే గదిలో మోయడం ఆ సర్వీసు పేదరికానికి గుర్తు కాదు, అది బతికి బట్టకట్టడానికి కారణం. ఆ రెంటినీ విడదీసి, మందులకొక సాధనం, రోగులకొకటి, పర్యాటకులకొకటి అని పంచితే లెక్క ప్రకారం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. దీవిలో మనిషి నిలవడం మాత్రం కష్టమవుతుంది. ఈ మాటను రుజువు చేయడానికి ఆరన్ దీవుల చరిత్రే చాలు.

గాల్వే అఖాతం ముఖద్వారంలో సున్నపురాతితో ఏర్పడిన మూడు దీవులివి. 2022 జనగణన ప్రకారం పెద్దదైన ఇనిష్ మోర్‌లో 820 మంది, నడిమిదైన ఇనిష్ మాన్‌లో 184 మంది, చిన్నదైన ఇనిష్ ఈర్‌లో 343 మంది, మొత్తం 1,347 మంది ఉంటున్నారు. మన వైపు ఒక మాదిరి పంచాయతీలో ఇంతకంటే ఎక్కువ ఓటర్లు ఉంటారు. అయితే ఐర్లండ్‌లో ఐరిష్ భాష ఇంటి భాషగా, వీధి భాషగా మిగిలిన కొద్ది చోట్లలో ఈ దీవులు ఉన్నాయి. వేసవిలో ఆ భాష నేర్చుకోవడానికే దేశం నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడికి వస్తారు. మూడు దీవుల్లోనూ హైస్కూళ్లు ఉన్నాయి. అందువల్ల ఈ 1,347 మంది అక్కడ నిలుస్తారా, తీరానికి తరలిపోతారా అన్న ప్రశ్న ఒక భాష బతుకుతో ముడిపడి ఉంది.

విమానం రాకముందు ఇక్కడ సరుకు ఎలా కదిలేదో తెలిస్తే ఇప్పటి కాటా విలువ అర్థమవుతుంది. 1912 నుంచి 1958 దాకా డూన్ ఏంగస్, ఆ తర్వాత 1988 దాకా నీవ్ ఏనా అనే ఓడలు గాల్వే నుంచి నడిచాయి. ఇనిష్ మోర్‌లో ఓడ రేవుకు ఆనుకుని నిలబడేది. మిగతా రెండు దీవుల్లో అంత పెద్ద ఓడకు సరిపడే లోతు గట్టు దగ్గర లేదు. ఓడ దూరంగా నీళ్లలో ఆగేది. చెక్క చట్రం మీద తారు పూసిన గుడ్డ బిగించి చేసిన కరక్ అనే పడవల్లో మనుషులు దాని దగ్గరికి వెళ్లేవారు. అమ్మకానికి పెట్టిన పశువును ఒడ్డున నీళ్లలోకి దింపి, దాని తలను పడవ వెనక కూర్చున్న మనిషి రెండు చేతులతో నీటిపైకి ఎత్తి పట్టుకునేవాడు. మిగతావాళ్లు తెడ్లు వేసేవారు. పశువు ఈదుకుంటూ ఓడ దాకా వచ్చాక దాని పొట్ట కింద నుంచి పట్టీ వేసి బిగించేవారు. ఓడ మీది క్రేను ఆ పట్టీని లాగగానే నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ, ఒళ్లంతా నీళ్లు కారుతూ పశువు పైకి లేచేది. అదే ఓడలో, అదే ప్రయాణంలో పెళ్లికెళ్లేవాళ్లూ, జబ్బు పడినవాళ్లూ, పిండి బస్తాలూ, టపా సంచులూ ఉండేవి. నాటక రచయిత జె.ఎం. సింజ్ 1907లో ప్రచురించిన ఆరన్ దీవుల పుస్తకంలో పందుల్నీ గుర్రాల్నీ ఓడల్లోకి ఎక్కించడానికి జనం పడే పాట్లు రాశాడు. ఆ కాలం గురించి బెంగపడాల్సిన అవసరం లేదు. పశువులకూ మనుషులకూ అది కష్టకాలమే. కానీ ఒక నిజాన్ని అది నిలబెట్టింది. ఇంత తక్కువ మంది ఉన్న చోట మనుషుల కోసమే అయితే ఓడ నడవదు, సరుకు కోసమే అయినా నడవదు. రెండూ కలిస్తేనే నడుస్తుంది.

1970 ఆగస్టులో ఏర్ ఆరన్ సంస్థ గాల్వే వైపు నుంచి ఇనిష్ మోర్‌కు విమానం మొదలుపెట్టింది. ఎంచుకున్న విమానం బ్రిటన్-నార్మన్ ఐలాండర్. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో జాన్ బ్రిటన్, డెస్మండ్ నార్మన్ దాన్ని రూపొందించారు. 1965 జూన్‌లో అది తొలిసారి ఎగిరింది. ఇప్పటిదాకా ప్రపంచంలో 1,250కి పైగా తయారయ్యాయి. రెండు పిస్టన్ ఇంజన్లు, పైనుంచి పరిచినట్టుండే రెక్క, లోపలికి ముడుచుకోని చక్రాలు దాని స్వరూపం. వేగం కోసం చూస్తే దీనిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఐదు వందల మీటర్లకు అటూ ఇటుగా ఉండే రన్‌వే మీద దిగి, మళ్లీ లేవగలగడం దీని గొప్ప. సీట్లు ఊడదీస్తే సరుకు బండి, స్ట్రెచర్ బిగిస్తే అంబులెన్సు. కలిపి మోయడానికే పుట్టిన యంత్రమిది.

దాని లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. గాల్లోకి లేచేటప్పుడు విమానం మొత్తం బరువు మూడు టన్నులు దాటకూడదు. ఖాళీ విమానమే అందులో సగానికి పైగా తినేస్తుంది. మిగిలే పదకొండు వందల కిలోలకు అటూ ఇటుగా ఉన్న చోటులోనే పైలట్, పెట్రోలు, ప్రయాణికులు, సామాను అన్నీ సర్దుకోవాలి. మనిషికి ఎనభై కిలోల చొప్పున తొమ్మిది మంది ఎక్కితే 720 కిలోలు అయిపోయాయి. పైలట్‌నూ, పెట్రోలునూ తీసేస్తే సరుకుకు మిగిలేది చాలా తక్కువ. అదే శీతాకాలపు మంగళవారం నాడు నలుగురే ఎక్కారనుకోండి, ఖాళీ అయిన నాలుగు వందల కిలోల్లో దుకాణం సరుకు వెళ్లిపోతుంది. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పడిందన్నదీ ముఖ్యమే. వెనక భాగం మరీ బరువైతే ముక్కు పైకి లేస్తుంది, పైలట్ అదుపు తప్పుతుంది. అందుకే మనిషినీ మూటనూ ఒకే కాగితం మీద రాస్తారు. ఆ కాగితం చూసినవాడికి ఆ పూట దీవికి ఏం అవసరమైందో మొత్తం తెలిసిపోతుంది.

పర్యాటకుల కాలంలో మనుషులు నిండుతారు, వాళ్ల టికెట్లు ఖర్చు మోస్తాయి. చలికాలంలో టపా, మందులు, ఊరి మనుషులు విమానాన్ని కదిలిస్తారు. పైలట్, ఇంజన్ మరమ్మతు, రన్‌వే దగ్గర అగ్నిమాపక సిబ్బంది, వీటి ఖర్చు ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా ఒక్కటే. ఒక సరుకు తగ్గిన రోజున ఇంకొకటి ఆ ఖర్చును పంచుకుంటుంది. పల్లెవెలుగు బస్సులో కూలీలూ, కాలేజీ పిల్లలూ, పాల క్యాన్లూ, కూరగాయల గంపలూ కలిసి వెళ్లడం వెనక ఉన్నది కూడా ఈ లెక్కే.

ఇలాంటి రవాణా లేకపోతే ఏమవుతుందో ఐర్లండ్ కళ్లారా చూసింది. కెర్రీ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో 1947 జనవరిలో ఒక యువకుడు మెదడువాపు లాంటి జబ్బుతో పడిపోయాడు. తుఫానులో సముద్రం దాటి వైద్యుడు రాలేకపోయాడు, అతన్ని తీరానికి తీసుకెళ్లడానికీ వీల్లేకపోయింది. అతను చనిపోయాక అంత్యక్రియలకు కూడా వాతావరణం అడ్డుపడింది. ఆ చావు దీవి గుండె ధైర్యాన్ని తీసేసింది. 1953 నవంబరులో ప్రభుత్వం మిగిలిన ఇరవై చిల్లర మందినీ తరలించింది. 1960 అక్టోబరులో గాల్వే తీరానికి చెందిన ఇనిష్‌షార్క్ దీవి కూడా ఖాళీ అయింది. ఈ రెండు దీవుల్లోనూ చేపలున్నాయి, పొలాలున్నాయి, తరతరాల ఇళ్లున్నాయి. నమ్మదగిన రాకపోకలే లేవు. అదే ఏడాది మార్చి 8న ప్లాసీ అనే సరుకు ఓడ తుఫానుకు ఇనిష్ ఈర్ దగ్గర రాళ్లకు కొట్టుకుంది. విస్కీ, రంగుటద్దాలు, నూలు దాని సరుకు. దీవి జనం తాడు విసిరి, దాని మీదుగా ఓడలోని పదకొండు మందినీ ఒక్కరొక్కరుగా ఒడ్డుకు లాగి కాపాడారు. తుప్పుపట్టిన ఆ ఓడ ఇప్పటికీ తీరం మీద ఉంది. దాని పేరు మన ప్లాసీ యుద్ధానిదే. రాబర్ట్ క్లైవ్‌కు ఐర్లండ్‌లో దక్కిన బిరుదు, భూముల ద్వారా ఆ పేరు లిమెరిక్ ప్రాంతానికి చేరి, అక్కడి ఓడల కంపెనీ దాకా వచ్చింది. ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే సత్తా దీవి జనానికి ఉందనడానికి ఆ ఓడ సాక్ష్యం. తమ ఇంట్లో జబ్బు పడిన మనిషిని తీరం దాటించే శక్తి మాత్రం వాళ్ల చేతుల్లో ఎప్పుడూ లేదు.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది, పడవలున్నాయి కదా అన్నది. నిజమే, ఉన్నాయి. రోసవీల్ రేవు నుంచి ప్రయాణికుల ఫెర్రీలు నడుస్తాయి, సరుకుకు వేరే ఓడ ఉంది. ఇనిష్ మోర్‌కు ఫెర్రీ ప్రయాణం నలభై నిమిషాలే. ఇళ్లు కట్టే సిమెంటు, పశువులు, ఇంధనం, ట్రాక్టర్లు పోవాల్సింది ఓడలోనే. అవి విమానంలో పట్టవు, పట్టకూడదు కూడా. కానీ అట్లాంటిక్ అలలు పెద్దవైన రోజున చిన్న దీవుల గట్టు దగ్గర ఫెర్రీ ఆగలేదు. మంచు కమ్మిన రోజున విమానం ఎగరలేదు, ఎందుకంటే పైలట్ కంటికి కనిపించే దాన్ని బట్టి నడపాలి. అలలున్న ప్రతి రోజూ మంచు ఉండదు, మంచున్న రోజున తరచు సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది. ఒకదాన్ని ఆపే కారణం చాలాసార్లు రెండోదాన్ని ఆపదు. రెండు దారులున్న దీవికీ, ఒక్క దారే ఉన్న దీవికీ ఉన్న తేడా డిసెంబరు నెలలో తెలుస్తుంది. గోదావరికి వరదొస్తే పంటు ఆగిపోయి లంక గ్రామాలు ఏమవుతాయో చూసిన మనకు దీన్ని ఇంకా వివరించనక్కర్లేదు.

రెండో అభ్యంతరం కొత్త కాలానిది, అందుకే దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. అత్యవసరానికి హెలికాప్టర్, మందులకు డ్రోన్ ఉండగా విమానం దేనికని అడుగుతారు. షానన్‌లో ఉండే కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ ఆరన్ రోగుల్ని ఎన్నోసార్లు కాపాడింది. 2019 సెప్టెంబరులో గాల్వే విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యాచార్యుడు డెరెక్ ఓకీఫ్ బృందం ఇదే కానమారా విమానాశ్రయం నుంచి ఇనిష్ మోర్‌కు డ్రోన్ ద్వారా ఇన్సులిన్ పంపి, తిరుగు ప్రయాణంలో రక్తనమూనా తెచ్చింది. నడిపేవాడి చూపు దాటి ఎగిరిన డ్రోన్‌తో ఇన్సులిన్ పంపడం ప్రపంచంలో అదే మొదటిసారి. తుఫానులో చిక్కుకుపోయిన మధుమేహ రోగికి ఇది ప్రాణదానం. ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఇన్సులిన్ వేసుకునే మనిషికి ఏడాదిలో కొన్నిసార్లు కంటి పరీక్ష కావాలి, కిడ్నీ పరీక్ష కావాలి, తోడుగా కూతురు రావాలి. డ్రోన్ సీసాను మోస్తుంది, మనిషిని మోయదు. హెలికాప్టర్ చావుబతుకుల్లో ఉన్నవాణ్ని మోస్తుంది, పరీక్షకు వెళ్లాల్సినవాణ్ని మోయదు. దీవిలో బతుకంటే చాలావరకు ఈ రెంటికీ నడుమ ఉన్న రోజులే. పైగా మందుల పెట్టెలు డ్రోన్‌కూ, టపా ఓడకూ, పర్యాటకులు ఫెర్రీకీ వెళ్లిపోతే విమానంలో మిగిలేది కొద్దిమంది దీవి మనుషులు. అప్పుడు అధికారులే లెక్కలు చూపించి, ఇంత కొద్దిమందికి ఇంత ఖర్చా అంటారు. 2015లో విమానానికి బదులు గాల్వే పక్క నుంచి హెలికాప్టర్ నడపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దీవుల జనం గట్టిగా ఎదిరించారు, ఆ టెండరు నిలిచిపోయింది. కొత్త యంత్రమంటే భయపడి కాదు, తమ రోజువారీ జీవితం ఏ లెక్క మీద నడుస్తోందో వాళ్లకు తెలుసు కాబట్టి.

మూడోది డబ్బు. ఈ విమానం టికెట్ల మీదే నడవదు, ప్రభుత్వం డబ్బు కడుతుంది. దీవి నివాసులకు ఛార్జీ తక్కువ. పన్ను కట్టే డబ్లిన్ మనిషి 1,347 మంది కోసం ఎందుకు కట్టాలని అడగడంలో తప్పులేదు. ఐరోపా యూనియన్ 1008/2008 నంబరు నిబంధన దీనికి జవాబిస్తుంది. ఒక ప్రాంతపు ఆర్థిక, సామాజిక అభివృద్ధికి కీలకమైన మార్గాన్ని లాభం కోసం ఎవరూ నడపకపోతే, ప్రభుత్వం దాన్ని ప్రజాసేవ బాధ్యతగా ప్రకటించి సాయం చేయవచ్చు. మన దగ్గర 2017 ఏప్రిల్ 27న కడప, నాందేడ్‌లకు హైదరాబాద్ నుంచి ఉడాన్ విమానాలు మొదలైనప్పుడు కూడా ఇదే తీరులో లోటు పూడ్చే నిధి ఇచ్చారు. అయితే సాయం పేరుతో పోసిన ప్రతి రూపాయీ మంచిదేనని అనలేం. 2000 దశకం చివర్లో ఇనిష్‌బోఫిన్ దీవి మీదా, ఎదురుగా తీరాన క్లిఫ్డెన్ దగ్గరా ఐర్లండ్ ప్రభుత్వం బోలెడు ఖర్చు పెట్టి రన్‌వేలు వేసింది. రోజూ నడిచే విమాన సర్వీసు మాత్రం అక్కడ మొదలవలేదు. సిమెంటుకు డబ్బు దొరికింది, నడపడానికి దొరకలేదు. విమర్శించాల్సింది ఇలాంటి ఖర్చును. యాభై ఏళ్లకు పైగా ప్రతి వారం మనుషుల్నీ మందుల్నీ నిజంగా మోస్తున్న సర్వీసును దానితో ఒకే గాటన కట్టడం అన్యాయం.

సరుకు పక్కన కూర్చోవడం క్షేమమా అన్న సందేహం కూడా కొందరికి రావచ్చు. పెట్రోలు, గ్యాస్ సిలిండర్లు, విడి లిథియం బ్యాటరీల వంటి వాటికి అంతర్జాతీయ నిబంధనలు కఠినంగా ఉన్నాయి. తొమ్మిది సీట్ల విమానమైనా, మూడు వందల సీట్ల విమానమైనా అవి వర్తిస్తాయి. జంతువులు బోనుల్లోనే వెళ్లాలి, మూటలు కదలకుండా కట్టాలి. నిజానికి పెద్ద విమానంలో కాళ్ల కింది అరలో ఏముందో ప్రయాణికుడికి తెలియదు. ఇక్కడ అన్నీ కళ్ల ముందే ఉంటాయి.

ఆరన్ ఒక్కటే ఇలా లేదు. స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో లోగన్‌ఎయిర్ సంస్థ ఇదే ఐలాండర్ విమానాలతో 1967 నుంచి సర్వీసులు నడుపుతోంది. అక్కడ వెస్ట్‌రే నుంచి పాపా వెస్ట్‌రేకు వెళ్లే ప్రయాణం రెండు నిమిషాల్లోపే, ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డు విమాన ప్రయాణం అదే. పంతుళ్లూ వైద్యులూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఉద్యోగానికి వెళ్లేది అందులోనే. ఆ సంస్థే దశాబ్దాల పాటు రోగుల్ని కూడా మోసింది. 1973లో ఒక గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్తుండగా బిడ్డ గాల్లోనే పుట్టింది. కాటా ఎక్కని ప్రయాణికురాలు ఆ విమానం నుంచి దిగింది. అక్కడ పంతులు ఎక్కిన రోజుల ఆదాయం రోగి ఎక్కిన రోజున విమానాన్ని సిద్ధంగా ఉంచింది. ఆరన్‌లో పర్యాటకుడు చేస్తున్నదీ అదే పని. కోట చూడటానికి వచ్చినవాడి సరదాకు ప్రజల డబ్బు ఎందుకని కొందరు అడుగుతారు. ఆ సరదా టికెట్టే ఊరి మనిషి ప్రయాణపు ఖర్చులో కొంత మోస్తోందని వాళ్లు గమనించాలి.

2018లో ప్రభుత్వంతో ఒప్పందం విషయంలో పేచీ వచ్చి, ఆ ఏడాది చివరికి విమానాలు ఆపేస్తామని ఏర్ ఆరన్ ఐలాండ్స్ సంస్థ నోటీసు ఇచ్చింది. చర్చల తర్వాత సర్వీసు కొనసాగింది. 2023 జూన్‌లో ఐర్లండ్ ప్రభుత్వం దీవుల కోసం పదేళ్ల జాతీయ విధానం ప్రకటించింది. అందులో భాగంగా దీవుల్లో పాడుబడ్డ ఇల్లు బాగుచేసుకునేవారికి గరిష్ఠంగా 84,000 యూరోల సాయం ఇస్తామంది. మంచి పనే. కానీ ఇల్లు బాగుచేసుకున్న కుటుంబం రేపు పిల్లాడికి జ్వరమొస్తే ఎలా వెళ్లాలని మొదట ఆలోచిస్తుంది. ఇంటికి డబ్బిచ్చి దారికి ఇవ్వకపోతే ఆ ఇల్లు వేసవి బసగా మిగిలిపోతుంది. కాబట్టి విమాన సర్వీసు ఒప్పందం గడువు తీరిన ప్రతిసారీ దీవులను నోటీసులతో బెదిరిపోయే స్థితిలో ఉంచకుండా, దీర్ఘకాలానికి, మనిషీ సరుకూ కలిపే రాసుకోవాలి. ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయన్న లెక్క ఒక్కటే చూడకుండా, ఏడాదంతా ఆ కాటా మీద ఏమేం తూగాయో ఆ కాగితాలన్నీ తెప్పించుకుని చూసి, ఆ తర్వాతే అధికారులు నిర్ణయం తీసుకోవాలి.